మాఫీ అయిన అప్పును మళ్ళీ వసూలు చేయవద్దు



చేవెళ్ళ, మొయినాబాద్ పల్లెల్లో రైతులు నలుగురు కూర్చున్న చోట తప్పక వినిపించే మాట రుణమాఫీ. 2008 ఫిబ్రవరి 29న కేంద్ర బడ్జెట్‌లో 60,000 కోట్ల రూపాయల వ్యవసాయ రుణాల మాఫీ ప్రకటించినప్పుడు ఈ మాట ఇంటింటికీ వచ్చింది. తెలంగాణ ఏర్పడిన తర్వాత 2014లో లక్ష రూపాయల వరకు మాఫీ అన్నారు. 2024 జూలై 18 నుండి విడతలుగా రెండు లక్షల వరకు మాఫీ అన్నారు. "జాబితాలో పేరు వచ్చిందా?" అని ఒకరినొకరు అడుగుతూ బ్యాంకు గడప దగ్గర నిలబడిన వాళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నారు.

మాఫీ ఉర్దూ మాట. శిస్తు కట్టనక్కరలేని భూమిని మాఫీ భూమి అనేవారు. అదే మాటను తప్పు క్షమించమని అడగడానికీ వాడతాం. "మాఫ్ చెయ్ అన్నా" అంటే "నా తప్పు మన్నించు" అని. అప్పు కొట్టివేయడానికీ తప్పు క్షమించడానికీ మన ప్రాంతపు జనం నోట ఒకే మాట ఉంది. మనకు తెలియకుండానే మనం సువార్తకు చాలా దగ్గరగా మాట్లాడుతున్నాం.

ప్రభువు నేర్పిన ప్రార్థన మత్తయి ఆరవ అధ్యాయంలో చదవండి. అక్కడ మన తెలుగు బైబిలులో ఉన్నది "ఋణములు" అన్న మాట. లూకా పదకొండవ అధ్యాయంలో అదే ప్రార్థనలో "పాపములు" అని ఉంటుంది. అయితే అక్కడ కూడా మనం క్షమించవలసిన మనిషిని గురించి చెప్పేటప్పుడు "అచ్చియుండు" అనే పాత తెలుగు క్రియ వచ్చింది. అచ్చియుండడం అంటే బాకీపడి ఉండడం. యేసు ప్రభువు మాట్లాడిన అరామిక్ భాషలో "హోబా" అనే ఒక్క మాటే అప్పుకూ పాపానికీ చెల్లుతుంది. పాపము అంటే దేవునికి చెల్లించవలసినది చెల్లించకపోవడం. క్షమాపణ అంటే ఆ బాకీని కొట్టివేయడం.

ఈ సంగతి పుస్తకంలో చదివితే తేలికగా అనిపిస్తుంది. మన జిల్లా చరిత్రలో దాన్ని చూస్తే దాని బరువు తెలుస్తుంది. అందుకే ఈసారి కొంచెం చరిత్ర చెప్పుకుందాం.

అప్పు మనిషిని పట్టుకున్న కాలం

మన తాతల కాలంలో "జీతం" అంటే నెల మొదటి తారీఖున బ్యాంకులో పడే డబ్బు కాదు. "వాడు జీతమున్నాడు" అంటే ఒక పెద్ద రైతు ఇంట్లో ఏడాది పొడుగునా కట్టుబడి పనిచేస్తున్నాడని అర్థం. హైదరాబాద్ రాజ్యంలో దీన్ని భగేలా అని కూడా పిలిచేవారు. కోస్తాలో పాలేరు అన్నారు. కూలీ ఇవ్వకుండా అధికారం చూపి చేయించుకునే పనిని వెట్టి అన్నారు. పేర్లు వేరైనా పేదవాని చెమట ఒకటే.

ఇది ఎలా మొదలయ్యేదో చూడండి. ఇంట్లో పెళ్ళి వస్తుంది, లేదా జబ్బు, లేదా కరువు. తండ్రి దొర దగ్గర కొంత డబ్బు గానీ కొన్ని మానికల గింజలు గానీ తెచ్చుకుంటాడు. తీర్చడానికి అతని దగ్గర భూమి లేదు, ఒళ్ళు మాత్రమే ఉంది. అందుకని పనికి కుదురుతాడు. లెక్క రాసేది దొర, చదవగలిగేదీ దొరే. పనికి రాని రోజుకు కోత. విరిగిన నాగలికి కోత. పండుగకు ఇచ్చిన బట్ట కూడా బాకీలోకి చేరుతుంది. వడ్డీ మీద వడ్డీ పెరుగుతుంది. తండ్రికి వయసు మళ్ళితే కొడుకు వస్తాడు. పలక పట్టవలసిన పిల్లవాడు పశువుల వెంట నడుస్తాడు. అప్పు తెచ్చినవాడు మట్టిలో కలిసిపోయినా అప్పు మాత్రం బతికే ఉంటుంది.

నిజాం ప్రభుత్వం కూడా భగేలా ఒప్పందాలను కట్టడి చేయాలని చట్టం చేసింది. 1946లో మొదలైన తెలంగాణ రైతాంగ పోరాటంలో చాలా ఊళ్ళలో జనం దొరల ఇళ్ళలోని అప్పు పత్రాలను బయటికి తెచ్చి తగులబెట్టారు. ఆ కాగితం ఉన్నంతకాలం తమ మెడ దాని కింద ఉంటుందని చదువురాని వారికి కూడా తెలుసు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. అయినా పల్లెల్లో జీతాలు ఆగలేదు. వెట్టి తప్పని రాజ్యాంగం చెప్పింది గానీ, "నువ్వు నాకు బాకీ" అని చెప్పే కాగితం దొర పెట్టెలో అలాగే ఉంది.

1975 అక్టోబరులో జరిగినది

1975 అక్టోబరు 24న రాష్ట్రపతి ఒక ఆర్డినెన్సు జారీ చేశారు. 1976లో అది వెట్టిచాకిరీ నిర్మూలన చట్టమైంది. 1975 అక్టోబరు 25 నుండి అమలైనట్టు లెక్క. ఈ చట్టం మొదట్లోని నిర్వచనాల్లో దేశం నలుమూలలా వెట్టికి ఉన్న పేర్లు వరుసగా ఉంటాయి. వాటిలో భగేలా, జీత, పాలేరు, వెట్టి కూడా ఉన్నాయి. మన పెద్దలు మోసిన కాడికి ఢిల్లీ చట్టంలో పేరు పెట్టి మరీ రాశారు. తప్పును దాని పేరుతో పిలవకుండా దాన్ని కొట్టివేయడం కుదరదు.

ఆ చట్టం ఏం చెప్పిందో నాలుగు ముక్కల్లో చూడండి. మేము వకీళ్ళం కాము, గాని ఇందులో సువార్త చదివేవారికి తెలిసిన స్వరం వినిపిస్తుంది.

మొదటిది, వెట్టి మనిషి చెల్లించవలసిన అప్పు ఆ రోజుతో ఆరిపోయింది. తగ్గించలేదు, వాయిదా వేయలేదు, రద్దు చేశారు.

రెండవది, ఆ అప్పు మీద కోర్టు ముందే తీర్పు ఇచ్చి ఉన్నా, ఆ బాకీ పూర్తిగా చెల్లిపోయినట్టే భావించాలన్నారు. కట్టనివాణ్ణి కట్టినవానిగా ఎంచారు.

మూడవది, అది వెట్టి అప్పు అని కూలివాడు చెబితే చాలు. కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినవాని మీద పెట్టారు.

నాలుగవది మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది. రద్దయిన అప్పు కింద మళ్ళీ ఒక్క రూపాయి తీసుకున్నా అప్పిచ్చినవాడు నేరస్థుడు. మూడేళ్ళ వరకు జైలు, జరిమానా కూడా. కూలివాడు భయంతోనో అలవాటుతోనో తానే తెచ్చి ఇచ్చినా తీసుకోకూడదు. మాఫీ అయినదాన్ని వసూలు చేయడమే నేరం.

ప్రియులారా, ఈ నాలుగవ మాటను జ్ఞాపకం ఉంచుకోండి. చివర్లో మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

వట్టి చేతులతో పంపవద్దు

చట్టం వచ్చినంత మాత్రాన పల్లె మారిపోలేదు. విడుదలైనవాడు ఆ సాయంత్రం ఏం తినాలి? రేపు ఎవరి పొలంలో పని దొరుకుతుంది? ఈ భయంతో విడుదల పత్రం చేతిలో పెట్టుకునే మళ్ళీ దొర వాకిటికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. అందుకే 1978లో కేంద్రం ఒక పునరావాస పథకం తెచ్చి విడుదలైన ఒక్కొక్కరికి 4,000 రూపాయల సాయం పెట్టింది. 1984లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌కు చెందిన నీరజా చౌదరి కేసులో, వెట్టివారిని గుర్తించి విడిపిస్తే సరిపోదు, బతుకు చూపించాలి, లేకపోతే వారు మళ్ళీ అదే గోతిలో పడతారని తీర్పు చెప్పింది.

మన జిల్లాలోనే ఇబ్రహీంపట్నం ప్రాంతంలో 1980లలో గీతా రామస్వామి కూలీలతో కలిసి వెట్టి విడుదల కోసం, భూమి కోసం పనిచేశారు. సాంఘిక సంక్షేమ శాఖలో పెద్ద అధికారిగా ఉన్న ఎస్.ఆర్. శంకరన్ ప్రభుత్వంలో కూర్చుని వెట్టివారి పక్షం వహించారు. 1991 నుండి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతమున్న పిల్లలను విడిపించి బడిలో చేర్చే పనికి పూనుకుంది. ఆ పనికి ఆమెకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పిల్లవాణ్ణి పశువుల కొట్టం నుండి తీసుకురావడంతో వారు ఆగలేదు. శిబిరాల్లో ఉంచి, చదువులో వెనుకబడిన సంవత్సరాలను అందుకునేలా నేర్పి, ఆ తర్వాత బడికి పంపారు.

ద్వితీయోపదేశకాండము పదిహేనవ అధ్యాయం తెరిచి చూడండి. ఏడవ సంవత్సరంలో అప్పులు విడిచిపెట్టాలి. దాసుడుగా ఉన్నవాణ్ణి స్వతంత్రునిగా పంపాలి. పంపేటప్పుడు వట్టి చేతులతో పంపకూడదు, మందలో నుండి, కళ్ళములో నుండి, ద్రాక్షగానుగలో నుండి అతనికి ధారాళంగా ఇవ్వాలి. సుప్రీంకోర్టు 1984లో చెప్పినదాన్ని దేవుడు మోషే చేత ముందే చెప్పించాడు. లేవీయకాండము ఇరవై ఐదవ అధ్యాయంలో యాభయ్యవ సంవత్సరానికి సునాద సంవత్సరమని పేరు. ఆ బూర ఊదవలసిన రోజు ప్రాయశ్చిత్తార్థ దినము. దేవుడు ప్రజల పాపాలకు ప్రాయశ్చిత్తం అంగీకరించిన రోజే పేదవాడు తన పొలానికి తిరిగి వెళ్ళే బూర మోగాలి. పైనుండి వచ్చిన క్షమాపణ, పక్కవాడికి ఇచ్చే విడుదల, ఈ రెంటికీ దేవుడు ఒకే తేదీ పెట్టాడు.

నిజంగా బాకీ ఎవరిది?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. "పాస్టరు గారూ, మా తాత ముప్పై ఏళ్ళు జీతముండి చనిపోయాడు. మీరు క్షమించమంటున్నారు. ఎవరిని? ఎందుకు?"

ఇది న్యాయమైన ప్రశ్న. దాన్ని దాటవేసి క్షమాపణ గురించి బోధించే హక్కు ఎవరికీ లేదు. కొద్ది డబ్బుకు ఒక మనిషి ముప్పై ఏళ్ళు చాకిరీ చేస్తే ఆ అప్పు ఎన్నిసార్లు తీరి ఉంటుంది? నిజంగా లెక్క కడితే బాకీ ఉన్నది పత్రం పట్టుకున్నవాడే. యాకోబు పత్రిక అయిదవ అధ్యాయంలో పొలం కోసినవారి కూలి మోసంగా బిగబట్టినవారి మీద ఆ కూలియే మొరపెడుతుందని ఉంది. ఆ మొర ప్రభువు చెవిలో పడిందట. దేవుని పుస్తకంలో లెక్క దొర పుస్తకంలోలా ఉండదు.

కాబట్టి క్షమాపణ అంటే "ఏమీ జరగలేదు" అనడం కాదు. లేని అప్పును ఎవరూ మాఫీ చేయనక్కరలేదు. జరిగిన అన్యాయాన్ని లెక్క పెట్టి, పేరు పెట్టి, ఆ తర్వాతే క్షమించగలం. బలహీనుని నోరు మూయించడానికి క్షమాపణను వాడితే అది సువార్త కాదు.

నెహెమ్యా అయిదవ అధ్యాయం చూడండి. కరువులో గింజల కోసం జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువబెట్టారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు చేశారు. కొడుకులు, కూతుళ్ళు దాసులయ్యారు. నెహెమ్యా "ఓర్చుకోండి, పరలోకంలో ప్రతిఫలం ఉంది" అని వారికి చెప్పలేదు. కోపపడ్డాడు. సభ పిలిచాడు. తానూ తన మనుషులూ కూడా అప్పులిచ్చిన సంగతిని దాచలేదు. పొలాలు, తోటలు, ఇళ్ళు, తీసుకున్న వడ్డీ తిరిగి ఇమ్మన్నాడు. యాజకులను పిలిచి ప్రమాణం చేయించాడు. అప్పుడు సమాజమంతా ఆమేన్ అంది. జక్కయ్య కూడా రక్షణ పొందిన రోజున అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. అన్యాయం చేసినవానికి పశ్చాత్తాపం అంటే తిరిగి ఇవ్వడం. అన్యాయం పొందినవానికి క్షమాపణ అంటే పగను వదలడం. న్యాయం కోరే హక్కును అతడు వదలనక్కరలేదు.

మాఫీ ఖర్చు ఎవరు భరిస్తారు?

రుణమాఫీ రోజున రైతు బ్యాంకుకు ఏమీ కట్టలేదు. అయితే బ్యాంకుకు డబ్బు వచ్చింది. ప్రభుత్వ ఖజానా కట్టింది. వెట్టి అప్పు రద్దయినప్పుడు ఆ నష్టం అప్పిచ్చినవాని మీద పడింది. ఏ మాఫీ అయినా ఇంతే. అప్పు గాలిలో కలిసిపోదు, ఎవరో ఒకరు దాన్ని భరిస్తారు.

మన తెలుగులో "క్షమ" అన్న మాటకు మొదటి అర్థం ఓర్పు, భరించడం. అందరి బరువూ మోస్తుంది కాబట్టి భూమికి కూడా క్షమ అని పేరు. ఉర్దూ మాట కొట్టివేయడాన్ని చెబుతుంది, తెలుగు మాట భరించడాన్ని చెబుతుంది. రెండూ కలిస్తేనే క్షమాపణ పూర్తవుతుంది. సిలువ మీద ఈ రెండూ కలిశాయి. కొలొస్సయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు, మనకు విరోధంగా ఉన్న ఋణపత్రాన్ని దేవుడు సిలువకు మేకులతో కొట్టాడని అంటాడు. తెలంగాణ పల్లెల్లో జనం దొర పెట్టెలోని పత్రాలను మంటలో వేశారు. ఇక్కడ అప్పిచ్చినవాడే పత్రం తెచ్చి, ఆ మేకులు తన కుమారుని చేతుల్లోనే దిగనిచ్చాడు. నష్టం ఇంకొకరి మీదికి నెట్టలేదు, తానే భరించాడు.

వంద రోజుల కూలి

మత్తయి పద్దెనిమిదవ అధ్యాయంలోని ఇద్దరు దాసుల లెక్క చూద్దాం. దేనారం ఒక రోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా ఆ అప్పు తీరడానికి రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది. "ఓర్చుకో, అంతా చెల్లిస్తాను" అని ఆ దాసుడు అన్న మాట ఎంత ఉత్తదో చూడండి. రాజు ఆ లెక్కంతా కొట్టివేశాడు.

బయటికి వచ్చిన ఆ దాసునికి తోటి దాసుడు నూరు దేనారాలు బాకీ. అంటే వంద రోజుల కూలి. 2005 ఉపాధి హామీ చట్టం పల్లెలో ఒక కుటుంబానికి ఏడాదికి ఇచ్చిన మాట కూడా వంద రోజుల పనే. కాబట్టి అది చిన్న మొత్తం కాదు. పేదవాని ఇంట్లో వంద రోజుల కూలి అంటే పిల్లల ఫీజు, ఆసుపత్రి, విత్తనం. మన నష్టాలు చిన్నవని ప్రభువు చెప్పలేదు. మనకు మాఫీ అయినదాని పక్కన పెట్టి చూడమన్నాడు. పక్కన పెడితే అది ఆరు లక్షల్లో ఒక వంతు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి చూద్దాం. గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల రక్షణ కోసం 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో మన ప్రాంతం సహా 84 గ్రామాల భూమిని ముడివేసింది. అయినా నగరం మన పొలం గట్టు దాకా వచ్చింది. ఒకప్పుడు జొన్న వేసిన చెలక ఇప్పుడు గజాల్లో కొలుస్తున్నారు. ధర పెరిగిన కొద్దీ అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గాయి. "నాన్న చనిపోయినప్పుడు ఖర్చంతా నేనే పెట్టిన." "సంతకం పెట్టించుకుని వాటా తగ్గించిండు." "చెల్లె పెళ్ళికి ఒక్క రూపాయి తీయలే." ఇవన్నీ నూరు దేనారాల లెక్కలు. కొన్ని నిజమైన లెక్కలే. వాటాకు సంబంధించినది పెద్దల ముందు గానీ కోర్టులో గానీ న్యాయంగా తేల్చుకోండి, అందులో తప్పు లేదు. కానీ గుండెలో రాసుకున్న లెక్క ఏ కోర్టూ కొట్టివేయలేదు. అది మీరే కొట్టివేయాలి.

మనలో చాలామంది క్షమించామని చెబుతాం. ప్రభురాత్రి భోజనానికి ముందు చేతులు కలుపుతాం. మళ్ళీ ఏ పెళ్ళి పందిరిలోనో మాట మాట పెరిగితే పదేళ్ళ నాటి సంగతి బయటికి తీస్తాం. భార్య తప్పును క్షమించిన భర్త ప్రతి గొడవలో దాన్ని గుర్తు చేస్తాడు. దారి తప్పి తిరిగివచ్చిన కొడుకును తల్లి అన్నం పెడుతూనే దెప్పుతుంది. ఆ నాలుగవ మాట ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. మాఫీ అయిన అప్పు కింద ఒక్క రూపాయి తీసుకున్నా నేరం. ఒక దేశపు చట్టమే ఇంత ఖచ్చితంగా ఉంటే, సిలువ నీడలో నిలబడిన మనం క్షమించినదాన్ని కంతుల వారీగా ఎలా వసూలు చేస్తాం?

ఇంకొక రకం వారు కూడా ఉన్నారు. విడుదల పత్రం చేతిలో ఉన్నా దొర వాకిటికి వెళ్ళిన కూలివానిలా, క్షమాపణ పొందిన తర్వాత కూడా పాత పాపానికి కంతులు కట్టుకుంటూ ఉంటారు. ఇంకొంచెం ఉపవాసం, ఇంకొంచెం కానుక, అప్పుడైనా దేవుడు ఒప్పుకుంటాడేమో అని. సహోదరీ, సహోదరుడా, కానుక కృతజ్ఞతతో ఇవ్వు, బాకీగా ఇవ్వవద్దు. ఆ బాకీ పూర్తిగా చెల్లినట్టే ఎంచబడింది. ఆయన దాన్ని నీ దగ్గర రెండోసారి తీసుకోడు.

ఈ వారం మనం చేయవలసినది ఒకటుంది. నీకు బాకీ ఉన్న ఒక్కరి పేరు దేవుని ముందు చెప్పు. ఎంత బాకీయో దాచకుండా చెప్పు. ఆ తర్వాత దాన్ని కొట్టివేయి. వీలుంటే వట్టి చేతులతో కాక, ఒక పలకరింపుతోనో ఒక పూట భోజనంతోనో ఆ మనిషిని ఇంటికి పిలువు. నీవే ఎవరికైనా కూలి బాకీ ఉంటే ప్రార్థనకు ముందు అది ఇచ్చి రా.

నెహెమ్యా ఎదుట సమాజం ఆమేన్ అన్నది కమ్మని పాట విని కాదు. అప్పు వదులుకుంటామని మాట ఇచ్చి అన్నది. ప్రభువు ప్రార్థన చివర మనం అనే ఆమేన్ కూడా అలాంటిదే కావాలి.

పరలోకమందున్న మా తండ్రీ, మేము తీర్చలేని అప్పును నీవు భరించావు. మా పెద్దలు మోసిన కాడిని నీవు చూశావు, వారి చెమట లెక్క నీ దగ్గర ఉంది. మాకు బాకీ ఉన్నవారిని విడిచిపెట్టే బలం, మేము బాకీ ఉన్నవారికి తిరిగి ఇచ్చే యథార్థత మాకు దయచేయుము. మాఫీ అయినదాన్ని మళ్ళీ అడగకుండా మా నోళ్ళకు కావలి ఉంచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.